డ్రైవింగ్ మాస్టారి ఎడంకాలు

డ్రైవింగ్ మాస్టారి ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. ఆయన భార్య ఎత్తు ఆరడుగుల ఒకంగుళం. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ పక్కపక్కన నడుస్తుంటే వీధిలోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మాస్టారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నడిచారు. ఆయన పనే అలాంటిది మరి. నిన్న మొన్న స్టీరింగు ముట్టుకున్న మనిషి పక్కన రోజుకి ఎనిమిది గంటలు కూర్చుని, ఎదురుగా లారీ వస్తున్నా "కంగారేం లేదు, మెల్లిగా బ్రేకు మీద కాలు పెట్టండి" అని చెప్పాలి. ఆ మనిషి పెట్టకపోతే తన వైపున్న క్లచ్చీ, బ్రేకూ తనే తొక్కాలి. అలాంటివాడు వీధిలోవాళ్ళ చూపులకి జడుస్తాడా?

ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో పనిచేసేది. పగలంతా "ఊపిరి బిగబట్టండి, కదలకండి" అని చెప్పేది. మిగతా సమయంలో దేశం తరఫున నెట్‌బాల్ ఆడేది. ఒకటీ రెండూ కాదు, పద్నాలుగేళ్ళు. ముందుగది గోడ మీద పదకొండు దేశాల్లో తీసిన ఫోటోలున్నాయి. అన్నింట్లోనూ ఆవిడ రెండు చేతులూ పైకెత్తే ఉంది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఈమెనెవరో తుపాకీ పెట్టి బెదిరించారేమో అనుకునేవాళ్ళు. జట్టులో పిల్లలు ఆవిణ్ణి గోడక్క అనేవాళ్ళు. ఆ పేరే ఖాయమైపోయింది కాబట్టి మనమూ అలాగే అనుకుందాం.

ఆ ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. చూడ్డానికి బాస్కెట్‌బాల్‌లా ఉంటుంది గానీ బంతిని నేలకేసి కొట్టుకుంటూ పరిగెత్తడానికి వీల్లేదు. బంతి చేతికొచ్చిందా, అక్కడే ఆగి, మూడు సెకన్లలో ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. జట్టుకి ఏడుగురు, అందులో గోల్ వేసే హక్కు ఇద్దరికే. పదడుగుల ఎత్తున రింగు ఉంటుంది, దాని వెనక బంతి తగిలి పడడానికి బల్ల కూడా ఉండదు. మన గోడక్క గోల్ కీపర్. అవతలి మనిషి రింగుకేసి బంతి విసిరేటప్పుడు ఎదురుగా చేతులు చాచి ఆపాలి. మీద పడడానికి మాత్రం లేదు. విసిరే మనిషి కాలికీ తన కాలికీ మధ్య మూడడుగుల ఎడం ఉండి తీరాలి.

ఈ మూడడుగుల నిబంధన ఎవరు పెట్టారో గానీ మాస్టారి తల్లి కోసమే పెట్టినట్టుంది. పెద్దావిడ ముప్ఫై ఏళ్ళు బట్టల కొట్లో గుడ్డ కొలిచి కొలిచి, మానేసిన రోజున గజంబద్ద చంకన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. గజమంటే సరిగ్గా మూడడుగులు. ఇంటి వెనక కారు కడిగే గచ్చు మీద ఒక స్తంభం పాతించి, కారు బాగుచేసే మెకానిక్ చేత రింగు వెల్డింగ్ చేయించారు. రోజూ తెల్లారగానే మాస్టారు బంతి వెయ్యడం, గోడక్క ఆపడం, పెద్దావిడ బద్దతో కొలవడం. ఎవరి పక్షమూ వహించేది కాదు. "అమ్మాయ్, అరంగుళం తగ్గింది, వెనక్కి జరుగు" అంటే కోడలు నోరెత్తకుండా జరగాల్సిందే. కొడుకు గురి తప్పితే అంతకన్నా చులకనగా మాట్లాడేది.

పూటకి అరవై చొప్పున, పదకొండేళ్ళు. ఎదురుగా ఆరడుగుల మనిషి చేతులు చాచి ముందుకు వాలితే అయిదడుగుల నాలుగంగుళాల మనిషికి రింగు కనబడనే కనబడదు. అందుకని మాస్టారు తనకి తోచిన దారి కనిపెట్టుకున్నారు. ఆయన బంతి ముందు తిన్నగా ఆకాశంలోకి పోయేది, అక్కడ కాసేపు ఆలోచించుకునేది, ఆ తర్వాత వచ్చి రింగులో పడేది. ఇంటి వెనక గచ్చు మీద తప్ప ఈ విద్య ఎక్కడా పనికిరాదని ఆయనకీ తెలుసు. అయినా లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడు ప్రపంచ కప్ వచ్చింది. గోడక్క అంతకుముందు మూడింటికి వెళ్ళింది, మూడుసార్లూ సెమీ ఫైనల్ చూడకుండానే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది. ఇప్పుడు ముప్ఫై అయిదేళ్ళు. మెట్లెక్కితే కుడి మోకాలు కిర్రుమంటోంది. "ఈ ఒక్కసారి వెళ్ళి, సెమీస్ ఆడి, మానేస్తానండీ. ఆడకుండా మానెయ్యమంటే నా వల్ల కాదు" అని మొగుడితో తెగేసి చెప్పింది. జట్టులో కీపర్లకి రెండు చోట్లు. ఒకటి కెప్టెన్‌ది. మిగిలిన ఒక్క చోటుకి ఇద్దరు, గోడక్కా, పొడుగుపిల్లా. పొడుగుపిల్లకి పంతొమ్మిదేళ్ళు, ఆరడుగుల నాలుగంగుళాలు, గది లోపలికి చేతులు ముందొచ్చి మనిషి తర్వాత వచ్చేది. పోనీ ఆ పిల్లని తిట్టుకుందామా అంటే, ఎక్కడ కనబడినా "అక్కా అక్కా" అని వెంట తిరిగేది. ఆ పిల్లకి చేతులెలా చాచాలో నేర్పింది కూడా గోడక్కే.

ఆఖరి పరీక్ష ఆదివారం నాడు పెట్టారు. మాస్టారు భార్యని స్టేడియం దగ్గర దింపి, సగం దూరం వెనక్కొచ్చాక చూసుకుంటే మోకాలి పట్టీ వెనక సీట్లో ఉంది. ఉసూరుమంటూ వెనక్కి తిప్పారు. లోపలికెళ్ళేసరికి అక్కడ అంతా గందరగోళంగా ఉంది. ఆడవాళ్ళ జట్టు ఇలాంటప్పుడు మగవాళ్ళ జట్టుని పిలిపించుకుని ఆడుతుంది, గట్టివాళ్ళతో ఆడితే గాని లోపాలు బయటపడవని. ఆ మగజట్టులో గోల్ వేసే కుర్రాడు ఒళ్ళు వేడెక్కించుకుంటూనే చీలమండ మెలిపెట్టుకుని కూలబడ్డాడు. కీపర్లిద్దరినీ పరీక్షించాలి, పరీక్షించేవాడు లేడు. కోచ్ జుట్టు పీక్కుంటోంది. ఆవిడ వచ్చి నాలుగు నెలలే అయింది, ఎవరెవరి మొగుళ్ళెవరో ఆవిడకేం తెలుసు?

"డ్రైవింగ్ మాస్టారు వేస్తారు మేడం" అని ఎవరో అన్నారు. అదీ గుమ్మంలో మోకాలి పట్టీ పట్టుకుని నిలబడ్డ ఆయన్ని చూపించి మరీ అన్నారు.

కోచ్ ఆయన్ని కింద నుంచి పైకి చూసింది. చూడ్డానికి ఎంతోసేపు పట్టలేదు. ఒకటి వెయ్యమంది. మాస్టారు ఇస్త్రీ ప్యాంటుతోనే నిలబడి ఒకటి వేశారు. బంతి స్టేడియం కప్పుదాకా పోయి, వచ్చి రింగులో పడింది. కోచ్ వెంటనే ఎవరివో బూట్లు తెప్పించి ఇచ్చింది.

బూట్ల లేసులు కట్టుకుంటుంటే గోడక్క పక్కకొచ్చి వంగింది. మోకాలికి పట్టీ బిగించుకుంటూ, పెదాలు కదపకుండా, "నా కోసం కావాలని ఒక్కటి పారేసినా సరే, మీరు ఇంటికి రానక్కర్లేదు" అంది.

మాస్టారు కట్టిన లేసే మళ్ళీ విప్పి కట్టారు. ఎందుకంటే సరిగ్గా ఆ పనే చెయ్యాలని ఆయన అప్పటికే నిశ్చయించుకున్నారు. పొడుగుపిల్ల మీద అన్నీ వెయ్యాలి, భార్య మీద సగం పారెయ్యాలి. తప్పే. తప్పని ఆయనకీ తెలుసు. కానీ ఆ మోకాలు పట్టుకుని పదకొండేళ్ళు తెల్లారగట్ల లేచిన మనిషిని దగ్గరుండి చూసినవాడు ఇంకేం ఆలోచిస్తాడు చెప్పండి.

ముందు పొడుగుపిల్ల వంతు వచ్చింది. ఇరవై బంతులు. పిల్ల ఎగిరింది, వాలింది, చేతులు చాచింది. అలాంటి బంతి పుట్టి బుద్ధెరిగాక చూడలేదేమో, ప్రతిసారీ బంతి పైకి పోయాక ఎగిరేది. పంతొమ్మిది రింగులో పడ్డాయి. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాస్టారికి జాలేసింది, ఆ వెంటనే సిగ్గేసింది, అయినా లోపల సంబరంగానే ఉంది.

తర్వాత గోడక్క వచ్చి ఎదురుగా నిలబడింది. మాస్టారు మొదటి బంతి రింగుకి ఎడంగా వెయ్యబోయారు. పడింది. రెండోది అంచుకి తగిలి బయట పడేలా వేశారు. అంచుకి తగిలింది, అటు దొర్లి ఇటు దొర్లి లోపలే పడింది. రెండు లక్షల సార్లు ఒకే పని చేసిన చేతులు యజమాని మాట వినడం మానేశాయి. ఎదురుగా గోడక్క కళ్ళెర్రజేసింది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. ఇక లాభం లేదని, అన్నీ మర్చిపోయి, ఇంట్లో వేసినట్టే వెయ్యడం మొదలుపెట్టారు.

అప్పుడు చూడాలి ఆ వింత. బంతి ఆయన చేతిలోంచి వదలకముందే గోడక్క గాల్లో ఉండేది. పద్దెనిమిదిలో పద్నాలుగు ఆపేసింది. ఎంపిక చెయ్యడానికొచ్చిన పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచారు. పొడుగుపిల్ల తన ఏడుపు మర్చిపోయి చప్పట్లు కొట్టింది. కోచ్ పరుగున వచ్చి, అదెలా సాధ్యమైందో చెప్పమని అడిగింది.

మాస్టారు ఊపిరి బిగబట్టారు. జట్టులో పిల్లలంతా నేల చూపులు చూశారు, వాళ్ళకి తెలుసు కాబట్టి. ఒక్క మాట మాట్లాడకుండా నవ్వి ఊరుకుంటే చాలు, ప్రపంచ కప్ గోడక్క చేతిలో ఉంది.

"ఆయన మా ఆయన మేడం" అంది గోడక్క. "బంతి వదిలే ముందు ఎడంకాలు నొక్కుతారు, క్లచ్ తొక్కినట్టు. పదకొండేళ్ళ నుంచి రోజూ చూస్తున్నా. నేను ఆపింది బంతి చూసి కాదు, ఆ కాలు చూసి. ఇది లెక్కలోకి తీసుకోకండి."

మాస్టారు తన ఎడంకాలు వైపు చూసుకున్నారు. అది పరాయివాళ్ళ కాలులా కనబడింది.

కోచ్ తీసుకోలేదు. జట్టులోనే ఉన్న గోల్ వేసే అమ్మాయిని పిలిచి మళ్ళీ ఇద్దరికీ ఇరవయ్యేసి పెట్టింది. గోడక్క మూడు ఆపింది. పొడుగుపిల్ల ఆరు ఆపింది.

ఇద్దరూ కారెక్కారు. సగం దూరం వచ్చాక మాస్టారు, పదకొండేళ్ళు నా కాలి సంగతి నాకే చెప్పకుండా దాచావన్న మాట అని నిష్ఠూరమాడారు. చెబితే మానేసేవారుగా అని గోడక్క కిటికీలోంచి బయటికి చూస్తూ అంది.

మూడో రోజు పొద్దున్న జాబితా వచ్చింది. రెండో కీపర్‌గా పొడుగుపిల్ల పేరుంది. గోడక్క పేరు లేదు. ఫోను బల్ల మీద పెట్టి స్నానానికెళ్ళి గంటసేపు కుళాయి కట్టలేదు. ఆ గంటలో మాస్టారి ఫోనుకి ఇంకో కబురొచ్చింది. చదివి ఆయన కుర్చీలో కూలబడ్డారు. ప్రపంచ కప్‌కి ముందు అయిదు వారాల శిక్షణ శిబిరం ఉందట, అందులో కీపర్ల మీద బంతులు వెయ్యడానికి ఆయన రావాలట. దేశం జట్టుతోపాటు. ఆయన కొలతలు పంపిస్తే యూనిఫాం కుట్టిస్తారట.

పెద్దావిడ రెండుసార్లు చదివించుకుంది. కోడలికి రావాల్సింది కొడుక్కొచ్చిందేమిటి, తపాలావాళ్ళు పొరపాటు పడుంటారు, వెనక్కి పంపెయ్యమంది. ఫోనులో వచ్చినదానికి తపాలావాళ్ళు లేరని చెప్పేసరికి, అయితే ఆ ఫోను కంపెనీవాళ్ళకే మతి లేదంది. మాస్టారు వెళ్ళనని ఖరాఖండీగా చెప్పేశారు. భార్యని తీసేసిన జట్టుకి బంతులెయ్యడానికి తనకేం సిగ్గూ శరం లేవా అన్నారు. ఆ మాట అనేసరికి గోడక్క ఉబ్బిన మొహంతో తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. కబురు చదివింది. ఒక్కసారి నవ్వబోయి మానేసింది.

"వెళ్ళాలి" అంది చివరికి. "మీరు వెళ్ళకపోతే అంత ఎత్తు నుంచి వచ్చే బంతి ఆపడం ఆ పిల్లకి ఎవరు నేర్పుతారు? అది ఆపకపోతే మళ్ళీ సెమీస్ చూడకుండా ఇంటికొచ్చేస్తారు. నన్ను తీసేస్తే మాత్రం అది నా జట్టు కాకుండా పోతుందా?"

ఆ వెంటనే ఆవిడ ఇంకో మాట అంది. వెళ్ళే ముందు ఆ ఎడంకాలి జబ్బు కుదర్చాలట. కాలు చూసి ఆపడం అలవాటైతే ఆ పిల్ల అసలు ఆటలో మునుగుతుందట.

అయిదు రోజులు కుదిర్చారు. పెద్దావిడ ముక్కాలిపీట మీద కూర్చుని కొడుకు ఎడంపాదం మీద గజంబద్ద అడ్డంగా పెట్టి రెండు చేతులా అదిమిపట్టింది. "కదిపావో, వేళ్ళు ఏమవుతాయో నాకు తెలియదు" అంది. రెండో రోజుకి నొప్పి భరించలేక కాలు నొక్కడం మానేసింది. మూడో రోజున కారులో కూడా మానేసింది. నడిరోడ్డు మీద, సిగ్నల్ దగ్గర, నేర్చుకునే బ్యాంకు ఉద్యోగిని కంగారుపడితే మాస్టారు తన వైపు క్లచ్ తొక్కాల్సింది తొక్కలేదు. కారు ఎగిరి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతుంటే ఆ బ్యాంకావిడే "కంగారేం లేదు మాస్టారూ, మెల్లిగా" అని ఆయనకి ధైర్యం చెప్పింది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అంత పరువు ఎప్పుడూ పోలేదు.

కాలు కుదిరింది గానీ దాంతో గోడక్క ఆపడం కూడా తగ్గిపోయింది. ముప్ఫైలో పన్నెండు. ఎంత గింజుకున్నా పన్నెండే. ఆ అంకె ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని ఊసెత్తలేదు. ప్రయాణం రోజున గోడక్క తన పెద్దపెట్టే ఆయనకిచ్చి, తనే సర్దింది. రోజూ ఫోను చేసి ఏం నేర్పాలో చెబుతాను గానీ, నేను చెప్పానని మాత్రం ఆ పిల్లతో అనకండి, తీసేసిన మనిషి పెత్తనమేమిటి అనుకుంటారు అని మరీ మరీ చెప్పింది.

శిబిరంలో మాస్టారి పాట్లు ఒక పుస్తకమవుతాయి. భోజనాల బల్ల దగ్గర పన్నెండుమంది ఆరడుగుల ఆడవాళ్ళ మధ్య ఆయన కూర్చుంటే వడ్డించేవాళ్ళకి కనబడేవారు కాదు, రెండు పూటలు పస్తున్నారు. సాయంత్రాలు జట్టంతా డ్రైవింగ్ నేర్పమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. కెప్టెన్ శిబిరం వ్యానుతో పూలకుండీలు నాలుగు పగలగొట్టింది. మధ్యలో యూనిఫాం వచ్చింది. ఆయన కొలతలు చూసి ఎవరో తప్పు రాశారనుకుని సరిదిద్దారట, చొక్కా మోకాళ్ళ దాకా వేలాడింది. మాస్టారు అదే వేసుకుని తిరిగారు.

పని మాత్రం పనే. మొదటి రోజు పొడుగుపిల్ల ముప్ఫైలో రెండు ఆపింది. సాయంత్రం ఆరింటికి గోడక్క ఫోను చేసి, పిల్ల మోకాలెప్పుడు వంచుతోంది, చూపెక్కడుంది, బరువే కాలి మీదుంది అని గుచ్చి గుచ్చి అడిగింది. మాస్టారు చెప్పారు. ఆవిడ నాలుగు మాటలు చెప్పింది. మర్నాడు ఆయన ఆ నాలుగు మాటలూ తనవే అన్నట్టు గొంతు సవరించుకుని పిల్లకి చెప్పారు. రెండు వారాలకి ఆరయింది, మూడు వారాలకి పది అయింది. పిల్ల ఆయన్ని మహా పండితుడిలా చూడసాగింది. కోచ్ ఒకరోజు ఆయన మాటలు నోటుబుక్కులో రాసుకుంది. మాస్టారికి ఇబ్బందిగానే ఉన్నా, ఇచ్చిన మాటకి కట్టుబడి పండితుడిలాగే తలపంకించారు.

నాలుగో వారం శుక్రవారం నాడు పిల్ల రెచ్చిపోయింది. ఎత్తుగా వేసినా ఆపింది, వాలుగా వేసినా ఆపింది. మాస్టారు చొక్కా చేతులు మడిచి, పళ్ళు బిగించి, తనకొచ్చిన విద్యంతా చూపించారు. లాభం లేకపోయింది. సాయంత్రం ఫోను మోగీ మోగగానే మెట్ల మీద కూర్చుని, ఊపిరి తీసుకోకుండా, "పదిహేడు! ముప్ఫైలో పదిహేడు ఆపింది, నేను ఒక్కటీ పారెయ్యలేదు, అసలు అలా ఆపడం నేను పుట్టాక చూడలేదు" అనేశారు.

తను ఎవరితో ఏమన్నారో మాస్టారికి అప్పుడు వెలిగింది. నాలిక కరుచుకున్నారు. ఫోనులో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"ఏడుస్తున్నావా?" అన్నారు.

"ఏడుస్తున్నా" అంది గోడక్క. "సంతోషమూ ఉంది, కుళ్ళూ ఉంది. ఏది ఎక్కువో నాకే తెలియడం లేదు. మీరు కాసేపు మాట్లాడకండి."

మాస్టారు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయారు. ఆయనకీ ఏడుపొచ్చింది. జట్టులో పిల్లలు నవ్వుకుంటూ పక్కనుంచే మెట్లు దిగి వెళ్ళారు, వాళ్ళకి ఆయన మొహం కనబడకుండా అటు తిరిగారు.

కొంతసేపటికి గోడక్క గొంతు సవరించుకుంది.

"రేపు కుడివైపు గీత దగ్గర నిలబడి వెయ్యండి. అక్కడ దాని బరువంతా మడమల మీదకి పోతుంది, ఆపలేదు" అంది. "పదిహేడుతో సరిపెట్టుకోవద్దని చెప్పండి. నేను చెప్పానని చెప్పండి."